వేషం మార్చే కణం – పసిపిల్లల నాడీ కాన్సర్

కాన్సర్ అనే మాట వినగానే మనకు స్ఫురించేది పెద్ద వయసువారి వ్యాధి. ఏళ్ళ తరబడి పొగాకు నమిలినవారికో, చుట్టలూ బీడీలూ కాల్చినవారికో, దేహకణాలలోని జన్యువులు కాలక్రమంలో దెబ్బతిన్న వృద్ధులకో వచ్చే రోగమని భావిస్తాం. ఈ భావన చాలవరకు సరైనదే. కాని ఏ దురలవాటూ ఎరుగని రెండేళ్ళ పసిబిడ్డకు కాన్సర్ ఎందుకు రావాలి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకబోతే మనం వార్ధక్యం వైపు గాక, బిడ్డ ఇంకా తల్లి గర్భంలో ఉన్న కాలం వైపు నడవవలసి ఉంటుంది. పసిపిల్లల కాన్సర్లలో అనేకం శరీరం అరిగిపోవడం వల్ల పుట్టినవి కావు. శరీర నిర్మాణంలో ఒక పని పూర్తికాకుండా మధ్యలో నిలిచిపోవడం వల్ల పుట్టినవి.

న్యూరోబ్లాస్టోమా అనే నాడీ కాన్సర్ ఇందుకు ప్రబల నిదర్శనం. మెదడులో పుట్టే కంతులను మినహాయిస్తే, పిల్లలలో ఏర్పడే గట్టి కంతులలో అత్యంత సాధారణమైనది ఇదే. ఏడాది లోపు శిశువులకు వచ్చే కాన్సర్లలో దీనిదే ప్రథమ స్థానం. వ్యాధి బయటపడేనాటికి సగం మంది రోగుల వయస్సు సుమారు 18 నెలల లోపే. బాల్య కాన్సర్లలో దీని వంతు నూటికి 7 లేక 8 మాత్రమే. కాని కాన్సర్ వాత బడి మరణించే పిల్లలలో నూటికి దాదాపు 15 మందిని బలిగొనేది ఇదే. ఈ వ్యత్యాసమే దీని కాఠిన్యాన్ని తెలుపుతున్నది.

ఒకే కంతిలోని కణాలు ఒకే రీతిగా ఎందుకు ఉండవు, అవి తమ స్వరూపాన్ని ఎట్లా మార్చుకొంటాయి, ఆ మార్పు వలన వైద్యుని చేతి మందు ఎందుకు గురి తప్పుతుంది అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

గమ్యం చేరని బాటసారులు

గర్భధారణ జరిగిన మూడు, నాలుగు వారాలలో పిండం వీపు పొడుగునా ఒక నాళం ఏర్పడుతుంది. మున్ముందు మెదడుగా, వెన్నుపాముగా రూపొందేది ఈ నాడీనాళమే. ఆ నాళం మూసుకొనే అంచు వెంబడి ఒక ప్రత్యేక కణసమూహం తలెత్తుతుంది. దీనిని నాడీశిఖ అని పిలువవచ్చును. విల్హెల్మ్ హిస్ అనే శాస్త్రజ్ఞుడు 1868లో కోడి పిండంలో దీనిని మొదట గుర్తించాడు.

ఈ కణాలు ఉన్నచోట ఉండేవి కావు. పుట్టినచోటు విడిచి పిండమంతటా సంచారం చేస్తాయి. కొన్ని చర్మానికి చేరి రంగునిచ్చే కణాలవుతాయి. కొన్ని ముఖంలోని ఎముకలుగా, మృదులాస్థిగా మారుతాయి. కొన్ని పేగుల గోడలలో నాడీకణాలుగా స్థిరపడతాయి. మరికొన్ని వెన్నెముకకు ఇరువైపులా గొలుసువలె ఉండే సహానుభూత నాడీగ్రంథులుగా, మూత్రపిండాల పైన టోపీలవలె అమరి ఉండే అధివృక్క గ్రంథుల లోపలి భాగంగా రూపొందుతాయి. మనకు భయం కలిగినప్పుడు గుండె దడదడలాడించే అడ్రినలిన్ ఇక్కడినుండే వెలువడుతుంది. అధివృక్క గ్రంథి లోపలి కణాలలో అధికభాగం నేరుగా వచ్చినవి కావనీ, మొదట నాడులను అంటిపెట్టుకొన్న పోషకకణాలుగా ప్రయాణించి, చివర వృత్తి మార్చుకొన్నవనీ 2017లో ఎలుకలపై జరిగిన పరిశోధన తెలియజేసింది. అంటే అవసరాన్ని బట్టి రూపం మార్చుకోవడం ఈ కణవంశానికి ఆది నుండి ఉన్న స్వభావమే.

ఈ బాటసారులలో కొన్ని గమ్యం చేరకముందే, పూర్తి నాడీకణాలుగా పరిణతి చెందకముందే, అపరిమితంగా విభజన చెందసాగితే ఏర్పడే కంతియే న్యూరోబ్లాస్టోమా. అందుకే ఇది ఎక్కువగా అధివృక్క గ్రంథిలోనో, వెన్నెముక పక్కనో పుడుతుంది. కడుపులో గట్టి గడ్డ, ఎముకల నొప్పి, నడిచే బిడ్డ కుంటడం, తగ్గని జ్వరం, పాలిపోవడం, దెబ్బ తగలకుండానే కంటి చుట్టూ నల్లగా కమిలినట్లుండడం దీని లక్షణాలు. ఈ కణాలు అడ్రినలిన్ జాతి రసాయనాలను తయారుచేస్తాయి గనుక, వాటి అవశేషాలను మూత్రపరీక్ష ద్వారా కనుగొని రోగాన్ని నిర్ధారణ చేయడానికి తోడ్పాటు పొందుతారు.

ఒకే పేరు, రెండు ముఖాలు

జర్మన్ వైద్యుడు రుడోల్ఫ్ వీర్కో ఒక బిడ్డ కడుపులోని ఇట్టి కంతిని 1864లో వర్ణించాడు. అమెరికా వైద్యుడు జేమ్స్ హోమర్ రైట్ 1910లో సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఈ కణాలు వలయాకారంలో గుమిగూడడాన్ని గుర్తించి, అవి అపరిణత నాడీకణాలని చెప్పి, నేటికీ నిలిచిన పేరును పెట్టాడు.

ఆ తర్వాత వైద్యలోకాన్ని ఆశ్చర్యపరచిన సంగతి ఒకటి జరిగింది. ప్రసిద్ధ శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్, తన సహచరుడు వోల్‌బాక్‌తో కలిసి 1927లో ఒక రోగి వృత్తాంతం ప్రకటించాడు. ప్రాణాంతకమని తలచిన కంతి కొన్నేళ్ళ అనంతరం పరీక్షించగా, హాని చేయని పరిణత నాడీకణాల గడ్డగా మారి ఉన్నది. దుష్టకణం తనంతట తానే సాధుకణమైనది!

1971లో డాంజియో, ఎవాన్స్, కూప్ అనే ముగ్గురు వైద్యులు మరొక విశేషాన్ని వెల్లడించారు. ఏడాది లోపు శిశువులలో కొందరికి ఈ వ్యాధి కాలేయానికి, చర్మానికి, ఎముక మూలుగకు వ్యాపించినప్పటికీ, తరచుగా స్వల్ప చికిత్సతోనో, అసలు చికిత్స లేకనో తగ్గిపోతున్నది. అదే పేరు గల వ్యాధి రెండు, మూడేళ్ళ బిడ్డకు వ్యాపిస్తే మాత్రం, మన వద్ద ఉన్న మందులన్నీ ప్రయోగించినా లొంగుట కష్టం. తక్కువ ప్రమాదం గల వర్గంలో నూటికి 90 మందికి పైగా బ్రతుకుతుండగా, ఎక్కువ ప్రమాదం గల వర్గంలో ఐదేళ్ళకు మిగిలేది సుమారు సగం మందే.

ఈ రెండు ముఖాలను గుర్తించకపోతే ఎంత నష్టమో జపాన్ దేశానుభవం చాటుతున్నది. 1980ల మధ్యకాలం నుండి ఆ దేశంలో ఆరు నెలల శిశువులందరికీ మూత్రపరీక్ష జరిపారు. రోగాన్ని ముందే పట్టుకొంటే మరణాలు తగ్గునని ఆశించారు. వేల సంఖ్యలో కంతులు బయటపడ్డాయి. కాని కెనడాలోని క్విబెక్‌లో, జర్మనీలో జరిగిన ఇట్టి పరీక్షల ఫలితాలు 2002లో వెలువడగా, మరణాలు తగ్గనే లేదని తేలింది. ముందుగా దొరికినవాటిలో అధికభాగం తమంతట తామే మాయమయ్యే రకం. ప్రాణం తీసే రకం ఆ వలకు చిక్కలేదు. అవసరం లేని శస్త్రచికిత్సలకూ మందులకూ ఎందరో పసివారు గురి అయ్యారు. జపాన్ 2004 నాటికి ఈ కార్యక్రమాన్ని నిలిపివేసింది.

జన్యువులు చెప్పినదెంత?

ఒకటి మృదువుగా, మరొకటి క్రూరంగా ఉండుటకు కారణమేమి? 1983లో మొదటి సమాధానం లభించింది. రెండవ క్రోమోసోమ్‌పై ఉండే మిక్-ఎన్ అనే జన్యువు సాధారణ కణంలో రెండే ప్రతులుగా ఉంటుంది. కొన్ని కంతులలో అది పదులు, వందల ప్రతులుగా పెరిగిపోయి ఉన్నది. ఇట్టి పెరుగుదల ముదిరిన వ్యాధిలో ఎక్కువగా కనిపిస్తుందని 1984లోను, రోగి భవిష్యత్తును అది సూచిస్తుందని 1985లోను తేలింది. మొత్తం రోగులలో సుమారు ఐదవ వంతు మందికి ఈ లక్షణం ఉంటుంది. 2008లో ఆల్క్ అనే మరొక జన్యువులోని మార్పులు బయటపడ్డాయి. కుటుంబాలలో వంశపారంపర్యంగా వచ్చే అరుదైన రకానికి ముఖ్య కారణం అదే.

ఇంతవరకు బాగున్నది. కాని పెద్దల కాన్సర్లతో పోలిస్తే ఈ కంతిలో చెడిపోయిన జన్యువులు చాలా తక్కువ. ఒకే బిడ్డలో, ఒకే కంతిలో, ఒకే జన్యులోపాలు గల కణాలే భిన్నంగా ప్రవర్తించడాన్ని కేవలం జన్యువుల పట్టికతో వివరించలేము.

గాజుపాత్రలో పగటివేషం

ఈ చిక్కుముడి విప్పుటకు దారి చూపినది న్యూయార్క్‌లోని స్లోన్-కెటరింగ్ సంస్థలో పనిచేసిన జూన్ బీడ్లర్ అనే శాస్త్రవేత్త్రి. 1970లో నాలుగేళ్ళ బాలిక ఎముక మూలుగ నుండి తీసిన కణాలను ఆమె బృందం గాజుపాత్రలో పెంచింది. ఒకే రోగి నుండి వచ్చినప్పటికీ ఆ కణాలు ఒక్క తీరుగా లేవు. కొన్ని గుండ్రంగా, చిన్నవిగా, సన్నని తీగలు చాచుతూ నాడీకణాలను పోలి ఉన్నాయి. కొన్ని వెడల్పుగా పరచుకొని పాత్ర అడుగును గట్టిగా కరచుకొని ఉన్నాయి. ఒక్కొక్క కణాన్ని వేరుచేసి దాని సంతతిని పెంచగా, నాడీకణాల వంటి వాటి సంతతిలో వెడల్పు కణాలు, వెడల్పు కణాల సంతతిలో నాడీకణాల వంటివి పుట్టసాగాయి. రూపం మాత్రమే గాక, లోపలి రసాయన స్వభావం కూడా దానితోపాటే మారుతున్నదని 1983లో బీడ్లర్ బృందం ప్రకటించింది. ఈ రెండింటి నడుమ ఉండి, ఎటైనా మళ్ళగల మధ్యమ రకాన్ని కూడ తరువాత గుర్తించారు. ఎలుకలలో కంతులను పుట్టించుటలో ఈ మధ్యమ రకమే అన్నింటికన్నా బలమైనదిగా తేలింది.

మన పల్లెలకు పగటివేషగాళ్ళు వచ్చేవారు. ఉదయం ఒక వేషం, మరునాడు మరొక వేషం. వేషానికి తగ్గట్టు నడక, మాట, చూపు అన్నీ మారుతాయి. లోపలి మనిషి మాత్రం ఒక్కడే. ఈ కణాల తీరు కూడా సరిగ్గా ఇదే.

ఒకే గ్రంథాలయం, వేర్వేరు పుటలు

ఇక్కడ విద్యార్థి మిత్రులకు ఒక సందేహం కలుగవచ్చును. జన్యువులు మారకుండా కణం ఎట్లా మారగలదు? మన శరీరంలోని ప్రతి కణంలోను దాదాపు ఒకే జన్యు సంపుటి ఉన్నది. అందులో ప్రోటీన్లను తయారుచేయు జన్యువులే సుమారు 20,000. అయినను కంటి కణం కన్నుగా, కాలేయ కణం కాలేయంగా ఉంటున్నవి. కారణం, ఏ కణమూ అన్ని జన్యువులను వినియోగించదు. కళాశాల గ్రంథాలయం అందరికీ ఒక్కటే. కాని చరిత్ర విద్యార్థి తెరిచే గ్రంథాలు వేరు, రసాయనశాస్త్ర విద్యార్థి తెరిచే గ్రంథాలు వేరు. ఏ పుట తెరవాలో, ఏ పుట మూసి ఉంచాలో నిర్ణయించే కొన్ని ప్రోటీన్లు కణకేంద్రకంలో ఉంటాయి. అవి ఒకదానినొకటి బలపరచుకొంటూ ఒక వలయంగా పనిచేస్తాయి. ఆ వలయమే కణానికి గుర్తింపునిస్తుంది.

2017లో ఆమ్‌స్టర్‌డామ్ నుండి ఒక బృందం, పారిస్ నుండి మరొక బృందం దాదాపు ఏకకాలంలో ఈ వలయాలను బయటపెట్టాయి. న్యూరోబ్లాస్టోమా కణాలకు ప్రధానంగా రెండు గుర్తింపులున్నవని తేల్చాయి. మొదటిది అడ్రినర్జిక్ స్థితి, అనగా నాడీవేషం. దీనిని ఫాక్స్-2బి, హ్యాండ్-2, గాటా-3 అనే ప్రోటీన్ల వలయం నిలబెడుతుంది. రెండవది మెసెంకైమల్ స్థితి. ఇది పిండంలో ఇంకా ఏ అవయవంగానూ స్థిరపడక, కదిలిపోయే కణాల తీరును పోలినది. రెండవ వలయానికి చెందిన పి.ఆర్.ఆర్.ఎక్స్.-1 అనే ప్రోటీన్‌ను నాడీవేషంలోని కణాలలో బలవంతంగా ఉత్పత్తి చేయించగా, అవి క్రమంగా రెండవ వేషం ధరించాయి. నాచ్ అనే సంకేత మార్గం కూడ ఇదే పని చేయగలదని 2019లో ఆమ్‌స్టర్‌డామ్ బృందమే చూపింది. జన్యు సంపుటి మారలేదు. తెరిచిన పుటలు మాత్రమే మారినవి.

మందుకు దొరకని వేషం

ఈ మార్పు ఎందుకింత ముఖ్యమైనదో గ్రహించాలంటే చికిత్స సంగతి తెలియాలి. బాల్య కాన్సర్లకు మందులతో చికిత్స అనే ఆలోచనకు ఊపిరి పోసిన ఘట్టంలో ఒక తెలుగువాని పాత్ర ఉన్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్‌ను, బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. వ్యాధి తగ్గింది, కాని కొంతకాలానికి తిరిగి వచ్చింది. ఆనాటి నుండి నేటి వరకు బాలల కాన్సర్ వైద్యుని వెంటాడుతున్న సమస్య ఈ తిరిగి రావడమే.

న్యూరోబ్లాస్టోమాలో తీవ్ర ప్రమాదం ఉన్న పిల్లలకు నేడు అనేక మందుల మిశ్రమం, శస్త్రచికిత్స, అధిక మోతాదు మందుల తర్వాత రక్త మూలకణాల మార్పిడి, వికిరణ చికిత్స వరుసగా చేస్తారు. కంతి కరిగిపోయినట్లే కనిపిస్తుంది. అయినను దాదాపు సగం మందిలో వ్యాధి మరల తలయెత్తుతుంది. ప్రయోగశాలలో పరీక్షించగా, రెండవ వేషంలోని కణాలు ఈ మందులకు అంతగా లొంగవని తేలింది. మందు నాడీవేషపు కణాలను చంపుతుంది. రెండవ వేషం వేసినవి ప్రాణం దక్కించుకొని, అపాయం గడచిన పిమ్మట మళ్ళీ నాడీవేషం ధరించి కంతిని పునర్నిర్మించగలవని శాస్త్రజ్ఞుల అనుమానం.

మరొక ఉదాహరణ ఇంకను స్పష్టమైనది. నాడీవేషపు కణాల ఉపరితలంపై జీడీ-2 అనే కొవ్వు-చక్కెర పదార్థం దట్టంగా ఉంటుంది. దానిని గుర్తుపట్టి అంటుకొనే ప్రతిరక్షకాన్ని తయారుచేశారు. అది అంటుకొన్న కణంపై శరీరపు రక్షకకణాలు దాడి చేస్తాయి. ఈ చికిత్స పొందిన పిల్లలలో రెండేళ్ళకు నూటికి 66 మంది వ్యాధి తిరగబెట్టకుండా ఉండగా, పొందనివారిలో 46 మందే ఉన్నారని 2010లో ప్రకటించారు. 2015లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది. ఇది గొప్ప విజయం. అయినను కొందరికి ఫలించలేదు. కారణాలలో ఒకటి 2022లో తెలిసింది: రెండవ వేషం ధరించిన కణాలు జీడీ-2ను తయారుచేయుటకు కావలసిన ఒక ఎంజైమును తగ్గించివేస్తున్నాయి. గుర్తు లేని శత్రువును రక్షకభటుడు ఎట్లా పట్టగలడు?

ఇంకా తేలని వాదం

శాస్త్ర విద్యార్థులు మరువరాని విషయం ఒకటి ఇక్కడ ఉన్నది. గాజుపాత్రలో కనిపించినదంతా బిడ్డ శరీరంలో జరుగుతుందని చెప్పుటకు వీలులేదు. ఒక్కొక్క కణాన్ని వేరుచేసి అందులో ఏయే జన్యువులు పనిచేస్తున్నాయో చదివే నూతన పద్ధతి వచ్చిన పిమ్మట, 2020, 2021 సంవత్సరాలలో అనేక బృందాలు రోగుల కంతులనే నేరుగా పరిశీలించాయి. వాటిలో దాదాపు కాన్సర్ కణాలన్నీ పిండదశలోని సహానుభూత నాడీకణాలనే పోలి ఉన్నవని, రెండవ వేషంలో కనిపించినవాటిలో అనేకం కంతిలో చేరిన సాధారణ కణాలే కావచ్చునని కొందరు వాదించారు. పూర్తిగా రెండవ వేషం గల కణాలు అరుదనీ, నడిమి స్థితులు మాత్రం ఉన్నవనీ మరికొందరు చెప్పారు. ఈ మార్పు ఇరువైపులా జరుగగలదని, చుట్టూ ఉన్న కొన్ని రసాయన సంకేతాలు దానిని ప్రేరేపించగలవని 2023లో పారిస్ పరిశోధకులు చూపారు. వాదం ముగియలేదు. కాని చికిత్సకు ముందున్న కంతిని మాత్రమే చూస్తే చాలదనీ, చికిత్స జరుగుతున్నప్పుడు, వ్యాధి తిరగబెట్టినప్పుడు కూడ కణాలను పరిశీలించాలనీ అందరూ అంగీకరిస్తున్నారు.

శత్రువు గుణమే మన ఆయుధం

కణం మారగలదనుట భయం కలిగించే మాటయే. కాని 1927లో కుషింగ్ చూసిన రోగిని ఒకమారు తలచుకోండి. మారగల కణం చెడు వైపే మారాలని నియమం లేదు. ‘ఎ’ విటమిన్ కుటుంబానికి చెందిన రెటినాయిక్ ఆమ్లాన్ని గాజుపాత్రలో వేయగా, అనేక న్యూరోబ్లాస్టోమా కణాలు విభజన మాని, తీగలు చాచి, పరిణత నాడీకణాలుగా మారడాన్ని 1980లలోనే గమనించారు. దీని ఆధారంగా జరిపిన చికిత్సా పరీక్షలో, ఈ మందు తీసుకొన్న పిల్లలలో మూడేళ్ళకు నూటికి 46 మంది, తీసుకోనివారిలో 29 మంది వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నారని 1999లో వెల్లడైంది. ఇక్కడ కాన్సర్ కణాన్ని చంపడం కాదు, దానికి చదువు చెప్పి పెద్దవానిని చేయడమే చికిత్స అయినది. అట్లే, మూసిన జన్యువుల పుటలను తెరిపించే ఒక రకం మందును ప్రయోగించగా, రెండవ వేషపు కణాలు మరల జీడీ-2ను ధరించి ప్రతిరక్షకానికి చిక్కినవని 2022 నాటి పరిశోధనే తెలిపింది. ఇది ప్రయోగశాలలోని ఫలితం. పిల్లల వైద్యంలో దీని విలువ నిరూపణ కావలసి ఉన్నది.

కాన్సర్ అనగానే నిర్మూలించవలసిన శత్రువనే భావన మనలో నాటుకొని ఉన్నది. న్యూరోబ్లాస్టోమా మనకు మరొక దృష్టినిస్తున్నది. ఇందులోని కణం దారి తప్పిన బాటసారి. దానికి ఇంకను రెండు దారులు తెరిచియే ఉన్నవి. ఆ కణం ఏ సంకేతంతో ఏ దారి పడుతుందో సంపూర్ణంగా తెలిసిననాడు, నేడు తిరగబెట్టిన వ్యాధితో ఆసుపత్రికి మరల చేరుతున్న బిడ్డలలో అనేకులు ఇంటికి క్షేమంగా చేరగలరు. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం అభ్యసిస్తున్న మన విద్యార్థులలో కొందరైనా ఈ కృషిలో పాలుపంచుకోవాలి. తక్కినవారు చేయదగినది కూడ ఒకటి ఉన్నది. చంటిబిడ్డ కడుపులో గట్టి గడ్డ తగిలినా, కారణం లేకుండా కుంటుతున్నా, కళ్ళ చుట్టూ కమిలినట్లున్నా, దిష్టి తగిలిందని కాలయాపన చేయక పిల్లల వైద్యునికి చూపవలసిందని నలుగురికీ చెప్పడం. ఆ ఒక్క మాట ఒక ఇంటి దీపాన్ని నిలుపవచ్చును.